బరాత్ కారుకు ఇంజిన్ ఎక్కడుండాలి

నవ్యా, ఇంకాస్త దగ్గరికి జరుగు తల్లీ. మీ అక్క అఖిల స్పోర్ట్స్ కారు కొనబోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిందని కోరుట్లలో నవ్వుతున్నారు కదా, జరిగింది ఈ బాపమ్మ నోట విను.

కారును పెళ్లి బరాత్‌లకు కిరాయికివ్వాలని దాని ఆశ. జగిత్యాల నుంచి అప్పుడే ముగ్గురు అడిగారు. ఐదేళ్లు క్యాబ్ నడిపి ఎనిమిది లక్షలు కూడబెట్టింది. ఆ క్యాబ్‌లోనే ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం. పాత కార్లమ్మే ఇర్ఫాన్ రెండు చూపించాడు. పసుపుదానికి ఇంజిన్ సీట్ల వెనకే ఉంది, ధర ఎనిమిది లక్షలు. ఎర్రదానికి ముందుంది, పదకొండు. ఎర్రది కావాలంటే క్యాబ్ అమ్మాలి. మన ఇంట్లో పొయ్యి వెలిగేదే క్యాబ్ మీద.

"ఇంజిన్ నడుమల ఉంటె బరువు సమంగుంటది అక్కా, మూలమీద మలిపినా జారది," అన్నాడు ఇర్ఫాన్.

అఖిల బైపాస్ మీద ఒక రౌండు కొట్టి వచ్చింది. "బాపమ్మా, గాలిల తేలినట్టున్నది. ఇదే తీసుకుంట!"

"బరాత్‌ల కారు గట్ల ఉరుకుతదా బిడ్డా? డీజే ముందట పోరగాండ్లు ఎగురుతాంటె అడుగడుగు జరుగుతది. గట్ల నడుపు, నేను కూసుంట."

ఇర్ఫాన్ పకపకా నవ్వాడు. "పెండ్లికూతురు నువ్వేనా అవ్వా? మరి పెండ్లికొడుకు ఏడి?"

"ఆయన పోయి పన్నెండేండ్లాయె. నువ్వు ముందట ఎగురు కొడుకా, చాలు."

పది గజాలకోసారి ఆపుతూ ముప్పావు గంట నడిపింది. వెనక నుంచి సెగ తగిలి నా చీర వీపుకు అంటుకుపోయింది. సీటుకు ఆనకుండా ముందుకు జరిగాను. అఖిల అది చూసింది.

"ఉడుకుతున్నదా బాపమ్మా?"

"నాది నూలుచీర. పట్టుచీర, పూలదండలు ఏసుకున్న పిల్లకు ఎట్లుంటది?"

ఎర్రదాన్ని కూడా అట్లాగే, అంతే సేపు నడిపింది. సెగంతా ముందే ఉండిపోయింది, నా వీపుకు తగలనేలేదు.

"గిట్ల నడిపి చూసినోళ్లు ఇప్పటిదాక ఎవ్వలు లేరు," అని ఇర్ఫాన్ తల గోక్కున్నాడు. "క్యాబ్ నాకే అమ్మి ఎర్రది తీస్కపో అక్కా."

అఖిల ఎర్రకారు తాళంచెవి పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత అతని చేతిలో పెట్టేసింది.

"లగ్గాలు ఏడాదిల మూడు నాలుగు నెలలే అన్నా. తక్కిన దినాలు క్యాబ్ లేకుంటె ఏం తింటం? ఇంకో రెండేండ్లు నడిపి అప్పుడస్త."

జగిత్యాల వాళ్లకు అక్కడి నుంచే ఫోన్ చేసి, ఈసారికి వేరే కారు చూసుకొమ్మని చెప్పింది.

ధైర్యం చాలక కొనలేదని ఎవరన్నా అంటే ఊరుకోకు నవ్యా. అది ఎందుకు వద్దనుకుందో మనసులో పెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పు.