గట్టులో ఉండిపోయిన తల

సముద్రం ఆ గట్టును రోజూ కొంచెం కొంచెంగా కొరుక్కుతింటోంది. ఇనుమన్నది ఎరగని కాలంలో అక్కడ మనుషులు ఆల్చిప్పలు తిని, పెంకులు కుప్పపోసి, ఆ కుప్పల్లోనే తమవాళ్ళను పూడ్చిపెట్టుకున్నారు. పురావస్తు శాఖ తరఫున వాటిని తవ్వే జట్టుకి ఆమె పెద్ద. ఆమె తమ్ముడు అదే జట్టులో కూలి. పనిలో పెట్టించిందీ ఆమే. సన్నగా ఉంటాడని అందరూ బక్కోడు అనేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం ఒక అస్థిపంజరం బయటపడింది. మోకాళ్ళు, నడుము, పక్కటెముకలు వరసగా ఉన్నాయి. తల మాత్రం గట్టు లోపలికి పోయింది. తల దొరికితే ఆ మనిషి వయసూ తిండీ పళ్ళే చెబుతాయి. పద్ధతి ప్రకారమైతే గట్టును పైనుంచి పొర తర్వాత పొర దించుకు రావాలి. అంత వ్యవధి లేదు. తుఫాను వస్తోంది, తెల్లారేసరికి గట్టే ఉండదు.

"ఇన్ని వేల ఏళ్ళు ఆగినాయన, తుఫాను వెళ్ళేదాకా ఆగలేడంటావా అక్కా?"

"ఆయన ఆగుతాడురా. సముద్రం ఆగొద్దూ?"

"సరేలే, నా బక్క ఒళ్ళు ఇందుకైనా పనికొచ్చింది. నేను దూరతాను."

పైన పెంకులు, కింద ఇసుక. అలాంటి గట్టు కింద దూరకూడదని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమే చెప్పేది. అయినా వద్దనలేదు.

"భుజాల దాకానే. అంతకుమించి వెళ్ళావంటే కాళ్ళు పట్టి లాగేస్తాను" అంది.

"నుదురు తగిలిందక్కా! అచ్చం మీ ఆఫీసు పెద్దసారు బట్టతలే!" అన్నాడు లోపల్నుంచి.

జట్టంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే గట్టు కూలి, వాణ్ణి కాళ్ళతో సహా కప్పేసింది.

ఎవరో పార అందుకున్నారు. "పార వద్దు! వాడి తల ఎటుందో తెలీదు!" అని ఆమె అరిచింది. అందరూ మోకాళ్ళ మీద కూలబడి తాపీలతో, చేతులతో తీయడం మొదలెట్టారు. ఎంత తొందరపడినా నేర్చిన పని చేతుల్ని వదల్లేదు. అంచునుంచి సమంగా గీకుతున్నారు. మన్నును గంపలకెత్తుతున్నారు. నిండిన గంప చేతులు మారి వెనక్కి వెళ్తోంది. వెనకాల సరసరమని చప్పుడైతే ఆమె తిరిగి చూసింది. ఇద్దరు ఆ మన్నును జల్లెడ పడుతున్నారు. ఒకడు అందులో మిగిలిన ఎముక ముక్కను ఏరి పక్కన పెట్టాడు కూడా.

"ఏం చేస్తున్నార్రా!"

వాళ్ళు అప్పుడే నిద్రలేచినట్టు జల్లెడ వదిలేశారు. ఆమె తన ముందున్న గంప చూసుకుంది. తనూ దాన్ని అంచుదాకా నింపింది. గంపను తన్నేసి, పార లాక్కుని, మన్ను ఎటు పడుతోందో చూడకుండా ఎత్తిపోసింది.

వాణ్ణి బయటికి లాగేసరికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. ఆసుపత్రిలో డాక్టరు గొంతులో ఇసుక చూసి, "కాస్త ముందు తీసుంటే..." అని మిగతా మాట మింగేశాడు.

తల్లి వచ్చింది. దుప్పటి తొలగించి కొడుకు మొహం, మెడ, చేతులు తడిమి తడిమి చూసింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"నువ్వుండబట్టి సరిపోయిందే తల్లీ. వేరేవాళ్ళయితే పారలతో కుళ్ళబొడిచేసేవాళ్ళు. ఎంత నెమ్మదిగా తీశావే నా బిడ్డని!"

ఆమె ఏదో చెప్పబోయింది. తల్లి ఆమె చేతులు రెండూ పట్టుకుని తన చెంపలకి ఆనించుకుంది. గోళ్ళ నిండా పెంకుల పొడి ఉన్న ఆ చేతుల్ని ఆమె వెనక్కి తీసుకోలేకపోయింది.