కొళాయి దిగువకు పోయింది

ఆదోనిలో కొండవాలున ఉన్న ఆ వీధికంతటికీ ఒకటే కొళాయి. అది రాధాబాయి ఇంటి గోడకు ఆనుకుని, సరిగ్గా ఆమె పడుకునే గది కిటికీ కింద ఉండేది. నీళ్లు తెల్లవారి వచ్చేవి. ఒక్కోరోజు వచ్చేవి కావు. వచ్చినా రాకపోయినా ఆడవాళ్లు మాత్రం కోడికూతకే వచ్చి చేరేవాళ్లు. బిందెలు, కడవలు, డాల్డా డబ్బాలు గోడ పొడవునా బారులు తీరేవి. పని ఉండి నిలబడలేని మనిషి తన బదులు ఒక రాయి పెట్టిపోయేది. ఆ రాయిని ఎవరు జరిపారన్న దానిమీద మొదలైన రభస నీళ్లు ఆగిపోయాక కూడా ఆగేది కాదు.

రాధాబాయికి యాభై దాటాయి. భర్త సేతుమాధవరావు బళ్లో సంస్కృతం చెప్పేవాడు. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఎమ్మిగనూరులో చెల్లెలు అంబాబాయి కుటుంబం తప్ప నా అన్నవాళ్లు లేరు. వీధిలో అందరూ ఆమెను అయ్యవారమ్మ అనేవాళ్లు. ఆమె మాత్రం వీధితో పొత్తు పెట్టుకోలేదు. మడి, పూజ, మధ్యాహ్నం మఠానికి వెళ్లి రావడం, అంతే. "నాది కాపురం కాదు, సంతలో గుడారం" అని మఠంలో కనిపించినవాళ్లకు చెప్పుకునేది.

అలా చెప్పుకున్నా, కిటికీ పక్కన కూర్చుని జపం చేసుకుంటుంటే వీధి సంగతులన్నీ చెవిన పడేవి. ఎవరి మొగుడు బళ్లారికి కూలికి పోయి కబురు పంపలేదో, ఎవరి కోడలు పుట్టింటికి పోయి తిరిగి రానంటోందో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. "అయ్యవారమ్మా, ఏకాదశి రేపా ఎల్లుండా?" అని కిందినుంచి ఒకతె అడిగేది. "ఎల్లుండి. నిన్న కూడా చెప్తిని గదా" అని ఈమె విసుక్కునేది. "బిడ్డకు దగ్గు ఇడవల్యా తల్లీ" అని ఇంకొకతె. "తులసిరసం తేనెలో కలిపి నాకించు, పో." జపం మధ్యలో మాట్లాడించారని లెంపలేసుకుని మళ్లీ మొదలుపెట్టేది. ఆ పలుకరింపులు తనకోసమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చెవిలో జోరీగ అనుకుంది.

ఆ ఏడు వానలు మొండికేశాయి. పెరట్లో బావి ఎండిపోయి రాధాబాయి కూడా కొళాయి నీళ్లకే రావలసి వచ్చింది. మడిచీర కట్టుకుని, రాగిబిందెతో వచ్చి, అందరికంటే ముందు పట్టుకుని, ఎవరి గాలీ సోకకుండా లోపలికి పోయేది. వాళ్లు తప్పుకుని దారి ఇచ్చేవాళ్లు. ఒకరోజు హనుమంతమ్మ తప్పుకోలేదు. ఆమె దిగువ వీధి మనిషి, పత్తిమిల్లులో పని. మిల్లు కూత ఆగేలోపల చేరకపోతే గేటు మూసేస్తారు. ఆ తొందరలో ఆమె ఎత్తిన కడవ తొణికి నీళ్లు రాధాబాయి మీద పడ్డాయి.

"కళ్లు కనపడవా? మళ్లీ తలమీద పోసుకోవాల్సిందే గదా నేను!" అని రాధాబాయి అరిచింది.

"పడింది నీళ్లే గదమ్మా, పేడ కాదు. రోజూ అందర్నీ నిలబెట్టి నువ్వు ముందర పట్టుకపోతాండావు. ఎవురన్నా ఒక మాటంటిమా?"

"నా గోడ దగ్గర నిలబడి నాకే చెప్తావా?"

హనుమంతమ్మ కడవ నడుముకెత్తుకుని ఆగింది. "గోడ నీదే, ఒప్పుకుంటా. మొగుడు ల్యాడు, బిడ్డలు ల్యారు. మేమొచ్చి ఈడ కొట్లాడకపోతే నీకు పొద్దెట్ల పోతాదో నువ్వే సెప్పు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. రాధాబాయి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రోజు వంట చేసుకోలేదు, మఠానికీ పోలేదు. సాయంత్రానికి కోపం పోయి, ఆ మాట మాత్రం మిగిలింది.

కొత్తగా గెలిచిన మునిసిపల్ ఛైర్మను దేవేంద్రప్ప వార్డు వార్డుకూ తిరిగి జనం కష్టాలు వింటున్నాడని అప్పుడే దండోరా వేశారు. ఆదివారం ఎలిమెంటరీ స్కూలు ఆవరణలో కుర్చీలు వేశారు. రాధాబాయి తలనిండా కొంగు కప్పుకుని ఒక మూల నిలబడింది. అంత జనంలో నిలబడడం ఆమెకు కొత్త.

మొదట భీమన్న అనే ముసలాయన లేచి, "పందులు ఇంట్లోకే వస్తాండాయప్పా. నిన్న సంగటి కుండలో మూతి పెట్టె" అన్నాడు.

"ఎవురివి పందులు?" అన్నాడు ఛైర్మను.

పందుల ఆసామి అక్కడే నిలబడి ఉన్నాడు గనక ఎవరూ నోరు మెదపలేదు. తర్వాత మురికికాలువ సంగతి వచ్చింది. వీధిదీపం సంగతి వచ్చింది. దేవేంద్రప్ప అన్నీ వింటూ, పక్కనున్న ఓవర్సీరు వైపు చూస్తూ, "సూద్దాం, సూద్దాం" అంటున్నాడు. చివరికి హనుమంతమ్మ ముందుకొచ్చింది.

"సామీ, పొద్దున్నే గుట్టెక్కల్ల, వరసలో నిలబడల్ల, కడవ మోసుకొని దిగల్ల, మళ్లీ మిల్లుకు ఉరకల్ల. మా చౌడమ్మ కూతురు నెలలు నిండిన మనిషి, మొన్న కడవతో జారి పడె. ఏమీ కాల్యా, దేవుడు సూసినాడు. మాకు కింద ఒక కొళాయి ఏపిచ్చు."

ఓవర్సీరు తల అడ్డంగా ఊపాడు. "ఇంకొకటి వేస్తే రెండిట్లోనూ ధార రాదు సార్. ఈ కరువులో ఆ పైపుకు ఒక్క కొళాయే గతి."

"సూద్దాంలేమ్మా" అన్నాడు ఛైర్మను. ఆ మాటకు అర్థమేమిటో అందరికీ తెలుసు. హనుమంతమ్మ మొహం వేలాడేసింది.

అప్పుడు రాధాబాయి, "నేనొక మాట చెప్పాలప్పా" అంది. ఆమె గొంతు అంతమందిలో వినడం వాళ్లకీ కొత్తే. జనం సద్దుమణిగారు. "ఆ కొళాయి మా ఇంటి ముందర ఉంది. బురద, దోమలు, కొట్లాటలు. నిద్ర లేదు, జపం లేదు. నాకు ఆ కొళాయి వద్దు. తీసేయించండి."

దేవేంద్రప్ప నవ్వాడు. "ఇన్ని వార్డులు తిరిగినాను, కొళాయి కావల్లనేటోళ్లేగాని వద్దన్నది నువ్వొక్కదానివేనమ్మా. మరి నీకు నీళ్లు?"

"నా తిప్పలు నేను పడతాను."

ఛైర్మను ఓవర్సీరు చెవిలో ఏదో అడిగాడు. ఓవర్సీరు ఈసారి తల నిలువుగా ఊపాడు. కొత్తది వేయలేరుగాని ఉన్నది దిగువకు జరపగలరు. పైనున్న షావుకార్ల ఇళ్లలో సొంత బోరింగులు ఉన్నాయి, వాళ్లకు పట్టలేదు. ఎన్నో ఏళ్లుగా తెగని ముడి ఒక్క మాటతో విడిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. హనుమంతమ్మ దగ్గరికొచ్చి, ముట్టుకోకుండా, రెండు చేతులూ జోడించింది.

"నీ నోటి సలవ అయ్యవారమ్మా. నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు తల్లీ."

రాధాబాయి తల ఊపింది. ఇంటికి నడుస్తుంటే దారి పొడవునా ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వారు. తనేదో పుణ్యం చేశానన్న సంతోషం ఆమెకు ఆ రాత్రి నిద్రపట్టేదాకా ఉంది.

పైపు తవ్వి కొళాయిని దిగువ వీధి మొదట్లో నాటారు. ఆ మర్నాడు రాధాబాయికి కోడికూతకే మెలకువ వచ్చింది. కిటికీ కింద ఎవరూ లేరు. హాయిగా జపం చేసుకుంది. ఎవరూ పలకరించలేదు గనక తొందరగా అయిపోయింది. అయిపోయాక ఏం చేయాలో తోచక ఇంకోసారి చేసుకుంది.

నీళ్లకు రామమ్మ అనే మనిషిని కుదుర్చుకుంది. రామమ్మకు వినపడదు, మాటా రాదు. కడవ తెచ్చి గడప దగ్గర దించి, తల ఊపి పోయేది. ఆ నీళ్లలో తులసాకు వేసుకుని రాధాబాయి మనసుకు సర్దిచెప్పుకునేది. గోడ పక్కన బురద ఎండి నెర్రెలిచ్చింది. వీధి ఊడ్చే మనిషి కూడా అక్కడ పెద్దగా పనిలేదని ముందుకు పోయేవాడు. దిగువనుంచి గోల వినపడేది, కాని గాలికి చెదిరిపోయి ఒక్క మాటా అందేది కాదు. ఎవరు తిడుతున్నారు, ఎవరు పడుతున్నారు, దేనికి నవ్వుతున్నారు? కిటికీ ఊచలకు చెవి ఆనించి నిలబడి, తనను తానే చూసుకుని సిగ్గుపడి వెనక్కి వచ్చేది.

ఒకరోజు గాజులమ్మే మనిషి దారి తప్పి తలుపు కొట్టి మంచినీళ్లు అడిగింది. "ఇదిగో" అనబోతే రాధాబాయి గొంతు పెగల్లేదు. నిన్నటినుంచి తను ఒక్క మాటా పైకి అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ గాజులామే మాటల్లో చెప్పింది: చౌడమ్మ కూతురికి మగబిడ్డ పుట్టాడట, వాడు అప్పుడే బోర్లా పడుతున్నాడట. "మీకు తెల్దా అమ్మా?" అని ఆశ్చర్యపోయింది.

"తెలుసు" అని రాధాబాయి అబద్ధమాడింది.

ఎమ్మిగనూరు పోయి చెల్లెలి ఇంట్లో కొన్నాళ్లు ఉంది. ఆ ఇంట్లో పదిమంది. అందరూ మంచివాళ్లే. వేళకు విస్తరి వేసేవాళ్లు, "పడుకో అక్కా, ఎండ" అనేవాళ్లు. పక్క వీధిలో మగ్గాలు పొద్దస్తమానం టకటకలాడేవి. అంబాబాయి కోడళ్లు వంటింట్లో ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ, ఈమె వస్తే లేచి నిలబడేవాళ్లు. ఎవరినీ ఏమీ అనలేక, మఠంలో పని ఉందని వంక చెప్పి రాధాబాయి ఆదోని బస్సెక్కింది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆమె ఛైర్మనును చూడడానికి బయలుదేరింది. దారి పొడవునా మాటలు కూర్చుకుంది. కొళాయి మళ్లీ పైకి తెప్పించండి, తప్పు చేసినాను అని చెప్పాలి. ఆఫీసు బయట బెంచీ మీద ఆమెలాంటివాళ్లు చాలామంది. పక్కన కూర్చున్న రైతు, "మీదేం కష్టమమ్మా?" అని అడిగాడు. ఇల్లు కారుతోందా? లేదు. దారి లేదా? ఉంది.

"నీళ్ల సంగతి" అంది.

దేవేంద్రప్ప ఆమెను చూడగానే గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. "రామ్మా, రా. దిగువ వీధోళ్లు నీ పేరే సెప్పుకుంటాండారు. మొన్న ఆడికి పోతే నీళ్లు పట్టుకుంటా ఒక ముసలామె నాకు దండం పెట్టి, ఇది మాకు అయ్యవారమ్మ ఇచ్చింది అనె. నాకు పేరు రాల్యా సూడు!" అని పెద్దగా నవ్వాడు. తర్వాత ముందుకు వంగి, "సెప్పమ్మా, మళ్లీ ఏమొచ్చింది?" అన్నాడు.

కూర్చుకున్న మాటలు నాలుకమీదే ఉన్నాయి. గుట్ట దిగుతూ జారిపడిన ఆ నిండు గర్భిణి కళ్లముందు ఆడింది. ఏమని అడగాలి? నాకు తోచడం లేదు, వాళ్లను మళ్లీ గుట్ట ఎక్కించండి అనా?

"ఆ కొళాయి..." అని ఆగింది. ఛైర్మను ఎదురు చూస్తున్నాడు. బయట జనం ఎదురు చూస్తున్నారు. "ఆ కొళాయి దగ్గర నీడ లేదప్పా. ఎండలో నిలబడుకుంటారు. నాలుగు రాళ్లు పరిపించి, పైన ఒక రేకు వేయించితే, కూర్చుంటారు."

"నీకోసం ఏమీ అడగవా తల్లీ?"

"నాకేముంది" అంది రాధాబాయి. లేచి వచ్చేసింది. బస్టాండు దాకా నడిచి, అక్కడ తనకేం పనీ లేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

దేవేంద్రప్ప మాట నిలబెట్టుకున్నాడు. నాపరాళ్లు పరిచారు, రేకు వేశారు. రామమ్మ సైగలతో ఆ సంగతి చెప్పినప్పుడు రాధాబాయి, "రేపటినుంచి నీళ్లు నేనే తెచ్చుకుంటా" అని చేయి అడ్డంగా ఊపింది.

మర్నాడు మామూలు నేతచీర కట్టుకుని, చిన్న బిందె తీసుకుని దిగువకు పోయింది. మడి సంగతి దారిలో రెండు మూడుసార్లు మనసులో పొడిచింది. తెచ్చుకున్నాక స్నానం చేస్తే సరిపోతుందిలే అనుకుంది. దూరంనుంచి నవ్వులు స్పష్టంగా వినపడుతున్నాయి. ఆమె మలుపు తిరగ్గానే నవ్వులు ఆగాయి.

రాళ్లమీద కూర్చున్నవాళ్లంతా లేచారు. "అయ్యవారమ్మ వచ్చింది, జరగండే" అంది హనుమంతమ్మ. కడవలు పక్కకు జరిగాయి. ఒకతె కొళాయిని కొంగుతో తుడిచింది. బిందె ఎవరూ ముట్టకుండా ధార కిందికి తనే పెట్టుకునేందుకు ఎడం ఇచ్చారు. చూస్తుండగానే నిండిపోయింది. ఇక అక్కడ ఉండడానికి కారణం లేదు.

"చౌడమ్మ మనవడు బాగున్నాడా?" అని అడిగింది రాధాబాయి.

"బాగుండాడు తల్లీ, నీ దయ" అంది చౌడమ్మ, చేతులు కట్టుకుని.

అంతే. అందరూ ఆమె పోయేదాకా నిలబడే ఉన్నారు. మలుపు దాటాక మాటలు మళ్లీ మొదలయ్యాయి.

మర్నాడు రాధాబాయి వరస చివర బిందె పెట్టి, "నా వంతు వచ్చినప్పుడే పట్టుకుంటాను. మీరు కూర్చోండి" అంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె రాతిమీద ఒక కొసన కూర్చుంది. తక్కినవాళ్లు నిలబడ్డారు. మాటలు సాగలేదు. ఆమె చెవిన పడితే తప్పేమోనని ప్రతి మాటా మింగుతున్నట్టు కనిపించారు. హనుమంతమ్మ కూడా ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. రాధాబాయి రోజూ పోయేది. కొన్నాళ్లకు వాళ్లూ కూర్చోవడం మొదలుపెట్టారు, ఆమెకు కాస్త ఎడంగా. తెలియని మనుషుల సంగతులు, మొదలు వినని తగాదాల కొసలు చెప్పుకునేవాళ్లు. ఫలానావిడ ఎవరని అడగాలనిపించేది. అడిగితే మళ్లీ లేచి నిలబడతారేమోనని ఊరుకునేది.

ఆ ఏటి చివర్లో దుర్గప్ప ఇంటికి ఆస్పరినుంచి కొత్తకోడలు వచ్చింది. ఆ పిల్లకు ఎవరి సంగతీ తెలియదు. ఒకరోజు వరసలో రాధాబాయి వెనక నిలబడి, "యాడుంటావు అవ్వా?" అని అడిగింది.

రాధాబాయి ఉలిక్కిపడి కొండవైపు చూపించింది. "ఆడ, పైన."

"అంత దూరంనుంచి దిగొస్తావా? ఎవురూ ల్యారా నీకు?"

పక్కనున్నవాళ్లు ఆ పిల్లను కళ్లతో గద్దించారు. ఆ పిల్ల అది గమనించలేదు.

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే" అంది రాధాబాయి. ఆ మాట ఇంకొకరి ముందు పైకి అనడం ఆమెకు అదే మొదలు.

"అయ్యో" అంది ఆ పిల్ల. తన కడవ వైపు చూసుకుంది. కొళాయి ధార సన్నబడింది. వరస కొద్దిగా ముందుకు జరిగింది. రాధాబాయి వంగి తన బిందెను ముందుకు నెట్టుకుంది.