ఎడమ కాలు పెట్టిన బొమ్మ

“ముక్కలు అతికించుడు గూడ ఒక పనేనా?” అని మొగుడు జైరాం అన్నప్పుడు రుక్మిణి అన్నం గిన్నె తోముతోంది. జవాబు చెప్తే మాటకు మాట పెరుగుతుంది. అవతల దుకాణం తెరవాలి, ఊడవాలి, ఆయనగారు స్నానం చేసి వచ్చేలోపు కంప్యూటర్ మీద దుమ్ము దులపాలి. పాల్వంచ బస్టాండు పక్కన, కంప్యూటర్ మీద కార్డులు తయారుచేసే ఆ డీటీపీ దుకాణం తొంభై ఆరులో పెట్టారు, రెండేళ్లయింది. బోర్డు మీద పేరు జైరాందే. శుభలేఖల మీద బొమ్మలు మాత్రం రుక్మిణివి.

ఆ పనేమిటో ఎవరైనా పక్కన కూర్చుని చూస్తే కదా తెలిసేది! కంప్యూటర్‌లో వచ్చిన రెడీమేడ్ బొమ్మలు కొన్నే. కలశం, అరటి చెట్టు, దండం పెట్టే ఆడది. ఆడది ఎప్పుడూ దండమే పెడుతుంది, ఇంకో పని చేతకానట్టు. రుక్మిణి ఆ బొమ్మను కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రాంలో పెద్దది చేస్తుంది. అది చిన్న చిన్న గడులుగా విడిపోతుంది. దీని తల, దాని చేయి, కావడి మోసే మనిషి కాలు కత్తిరించి తెచ్చి ఒకచోట చేరుస్తుంది. అతుకు కనబడినచోట గడి గడికీ రంగు నింపుతుంది. ఒక్క గడి ఎక్కువైతే ముక్కు వంకర పోతుంది, ఒక్కటి తగ్గితే కన్ను మూసుకుపోతుంది. లంబాడీ తండాలో రుక్మిణి తల్లి ద్వాలి, గుడ్డముక్కలూ అద్దాలూ గవ్వలూ కలిపి రవిక కుట్టేది. అతికించావని ఎవడైనా అంటే సూది పట్టుకునే లేచేది.

బొమ్మ బాగుందని గిరాకీలు మెచ్చుకుంటే జైరాం కాలర్ సర్దుకుంటాడు. “నేనే గీసిన సార్, నడుం పడిపోయింది.” రుక్మిణి వెనక గదిలో కార్డులు మడుస్తూ వింటుంది. ఇంట్లో అత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. “మా కోడలు బొమ్మలతోని ఆడుకుంటది, పొయ్యి మీద కూర మాడుతది.”

ఆ పొద్దున వైరా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న వెంకటరామారావు దుకాణంలోకి దూసుకొచ్చాడు. చేతిలో, అచ్చుకు ముందు సరిచూసుకోమని ఇచ్చిన గృహప్రవేశం కార్డు ప్రూఫు.

“ఏంటయ్యా జైరాం! నా కొత్తింట్లో ఎడమ కాలు పెట్టిస్తావా?”

రుక్మిణి వెనక గదిలోంచి మెడ సాచి చూసింది. కార్డు మీద పేర్లు పట్టడం లేదు, గడప బొమ్మను ఆ పక్కకు మార్చమని అంతకుముందు జైరామే చెప్పాడు. గడపతోపాటు లోపలికి అడుగేస్తున్న ఇల్లాలినీ ఒక్క నొక్కుతో, అద్దంలో కనబడినట్టు, అటుదిటు తిప్పేసింది. ఇంకేముంది, కుడి కాలు ఎడమైంది. పైట కుడి భుజం మీదికి దూకింది.

“ఆ పైట చూడు! మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరు గీశారిది?”

జైరాం మొహం మాడిపోయింది. “నేను గాదు సార్. మా ఇంటామె. బొమ్మలన్నీ ఆమెనే చేస్తది, నాకేం తెల్వదు.”

రుక్మిణికి సిగ్గు రావాలి. రాలేదు. ఊపిరి వచ్చింది. ఛాతీ మీద నుంచి తిరగలి దించినట్టయింది. మెప్పు వచ్చినన్నాళ్లూ జైరాం నోట రాని నిజం తిట్లు పడేసరికి తన్నుకుని బయటపడింది! ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

“అవ్ సార్, నేనే. మీ తమ్ముని పెండ్లి కార్డు మీద పల్లకి గూడ నేనే.”

“ఆ పల్లకీ నువ్వా అమ్మా?” వెంకటరామారావు జైరాం వైపు తిరిగాడు. “నడుం పడిపోయిందన్నావు కదయ్యా!”

జైరాం కీబోర్డు మీద లేని దుమ్ము ఊదాడు. తర్వాత గొంతు తగ్గించి, “జల్దీ కూసో. కాలు మార్చు. సార్ నిలబడ్డడు” అన్నాడు.

రుక్మిణి చెప్పులు వేసుకుంది.

“యాడికి?”

“ఎదురుంగ హోటల్ల చాయ్ తాగొస్త. సార్, మీరు కూసోండ్రి. మంచిగ చేసిస్త.”

“గిరాకీ ఉండంగ గిదేం పోకడనే?”

“తప్పు నాదన్నవు. ఒప్పుకున్న. తప్పు నాదైతే పని గూడ నాదే. నా పని ఎప్పుడు సురువు చెయ్యాల్నో ఇగ నువ్వు చెప్పకు.”