దారిలో ఉన్నాడు

గుర్రానికి రెక్కలు పెట్టారు సరే, ఆ మూతి మాత్రం అచ్చం గాడిదది, అట్టతో చేసినా కాస్త చూసి చేయొద్దా అనుకుంటూ రచయిత్రి వేదిక మీద తనకు చూపించిన కుర్చీలో కూర్చుంది, కుర్చీ కిర్రుమంది, పక్కన మంత్రిగారి కుర్చీలో మెత్త వేశారు, తన కుర్చీలో వేయలేదు, వేయకపోతే పోనీ, నడుం ఎలాగూ ఎప్పుడో పోయింది, స్వాతంత్ర్య దినం వచ్చిందంటే ఏటా ఇదే వరస, ఇదే ఎండ, ఇదే గుర్రం, ఒకప్పుడు వారపత్రికలో తన సీరియల్‌కి బొమ్మలు వేసే ఆర్టిస్టు హడావిడిలో గీసి పారేసిన గుర్రం, ఇప్పుడు దేశం జెండా మీదకెక్కి కూర్చుంది, స్టేడియం నిండా పిల్లల చేతుల్లో రెపరెపలాడుతోంది, ఆ ఆర్టిస్టు బతికుంటే పడీపడీ నవ్వేవాడు, కింద ముందు వరసలో తెల్లగుడ్డ కప్పిన కుర్చీలు, అవి తల్లుల కుర్చీలు, పోరాటంలోకి వెళ్లి తిరిగిరాని వాళ్ల తల్లులవి, అందులో వదిన, ఒళ్లో గొడుగు, గొడుగు మీద చేతిసంచి, పొద్దున ఇంటికి తాళం వేసి చెవి ఆ సంచిలోనే పడేసుకుంది, ఎప్పుడూ పూలకుండీ కింద పెట్టే మనిషి, ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి చంపుతుంటే తొందరలో మర్చిపోయి ఉంటుంది, వదినా చెవి అని తను అనబోయింది కూడా, ఈలోగా ఆటో కదిలింది, పోనీలే, ఇవాళ వదినకి ఏది చెప్పకూడదో అదే నాలుక చివర కూర్చుని ఉంటే తాళంచెవి గొడవ ఎవరికి కావాలి.

చెప్పకూడనిది ఒక్కటే మాట, మేనల్లుడు చచ్చిపోయాడు, అన్నయ్య కొడుకు, అన్నయ్య పోయాక వదినకి మిగిలిన ఒక్కగానొక్క బిడ్డ, తను చంకనేసుకుని పెంచిన పిల్లాడు, ఆ మాట మనసులో అనుకోవడానికే ఒళ్లు జలదరిస్తోంది, ఎందుకంటే ఆ మాట అనకూడదని దేశానికంతటికీ నేర్పింది తనే, నేర్పాలనుకుని నేర్పిందా ఏమన్నా, వారం వారం పేజీలు నింపాలి, ఎడిటర్ గుమ్మంలో కాచుకుని ఉంటాడు, పరాయివాళ్ల పాలనలో నిజం రాస్తే పత్రిక మూతపడుతుంది కాబట్టి రెక్కల గుర్రాలూ మాట్లాడే కొండలూ రాసేది, మబ్బులకవతల ఒక రాజ్యం, అక్కడ పొగ రాజు మనుషుల నీడల మీద పన్ను వేస్తాడు, సెన్సార్ ఆఫీసులో పరాయి అధికారి చదివి, పిల్లల కథే కదా అని ముద్ర కొట్టేవాడు, వాడి మొహం, తలపన్ను కట్టలేక కచేరీ ముందు ఎండలో నిలబడ్డ జనాన్ని కిటికీలోంచి చూసి రాసిన నీడపన్ను అది, వాడికి తప్ప అందరికీ అర్థమైంది, ఆ రాజు మీద తిరగబడ్డ దండులో ఒక సిపాయి, పేరు ఆలస్యం, ఎక్కడికీ వేళకు రాడు, పొద్దున్నే దళపతి హాజరు పిలుస్తుంటే వాడి పేరు దగ్గర తోటివాళ్లు నవ్వు ఆపుకుంటూ దారిలో ఉన్నాడు అనేవాళ్లు, వాడు వెనకనుంచి చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా వచ్చి వరసలో దూరేవాడు, నవ్వు కోసం పెట్టిన పాత్ర, స్కూలుకి ఒక్కరోజూ వేళకు పోని మేనల్లుణ్ణి చూసి పెట్టిన పాత్ర, కథలో కన్నీళ్లు తగ్గాయండీ అని ఎడిటర్ నసిగితే ఓ వారం ఆ ఆలస్యాన్ని వరదలో ముంచేసింది, ఇంకేముంది, పిల్లాడు అన్నం ముట్టడు, అత్తా వాణ్ణి బతికించు, చచ్చినవాణ్ణి ఎలా బతికిస్తార్రా, నువ్వేగా చంపావు నువ్వే బతికించు, కంచం పట్టుకుని వదిన గుమ్మంలో నవ్వుతోంది, బతికించవమ్మాయ్ నీకు పుణ్యముంటుంది, నా కొడుకు ఎండిపోతున్నాడు, సరేనని కంచం పక్కనే కాగితం పెట్టుకుని అప్పటికప్పుడు ఒక కిటుకు అల్లింది, మబ్బుల రాజ్యంలో చచ్చిపోయాడన్న మాట ఎవరి నోట్లోంచైనా వస్తేనే చావు పూర్తవుతుంది, ఎవరూ అనకపోతే వాడు ఇంకా దారిలోనే ఉంటాడు, దండులో ఎవరూ అనలేదు, హాజరు పిలిచినప్పుడల్లా దారిలో ఉన్నాడు అంటూనే వచ్చారు, ఒకనాడు వాడు తడిబట్టలతో, చేతిలో చెప్పులతో వచ్చి వరసలో నిలబడ్డాడు, తను చదివి వినిపించేసరికి పిల్లాడు కంచం ఖాళీ చేసి మళ్లీ పెట్టమన్నాడు.

ఆ పిల్లాడే మీసాలొచ్చాక అడవిలోకి వెళ్లి పోరాటంలో కలిశాడు, అక్కడ అందరికీ తన కథలోంచి తీసుకున్న పేర్లే, పెద్ద పేర్ల కోసం పోటీలు పడ్డారట, నాయకుడు దివిటీ అని పెట్టుకున్నాడు, కథలో పొగ రాజుని గద్దె దించినవాడి పేరు, మేనల్లుడు మాత్రం ఆలస్యం కావాలన్నాడట, మా అత్త నన్ను చూసే రాసింది, వేరేవాళ్లకి ఎలా ఇస్తాను అన్నాడట వెధవ, పరాయి పోలీసులు తలుపులు బాది మీవాడెక్కడ అని అడిగితే తల్లులు దారిలో ఉన్నాడు అనేవాళ్లు, అడవిలో పోయినవాళ్ల పేర్లకు కూడా హాజరులో అదే జవాబు, దండులో ఎంతమంది మిగిలారో శత్రువుకి అంతు చిక్కేది కాదు, అప్పుడు ఆ మాట నిజంగానే పనికొచ్చింది, గర్వపడింది కూడా, కాదనడం ఎందుకు, గోడ మీద బొగ్గుతో రాసిన తన వాక్యం చూసుకుని, వీధి చివరిదాకా పోయి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చి మళ్లీ చూసుకుంది, పరాయివాళ్లు మూటాముల్లే సర్దుకుని వెళ్లారు, ఊళ్లకు ఊళ్లు వీధుల్లోకొచ్చి ఏడ్చాయి, కథలో అయితే దివిటీ కిరీటాన్ని ఏట్లోకి విసిరేసి తన సున్నపుబట్టీకి పనికి వెళ్లిపోతాడు, అక్కడ శుభం అని రాసి తను చేతులు దులుపుకుంది, ఆ తర్వాత పేజీ రాయడం తనకి తట్టనేలేదు, ఇక్కడ దివిటీ మంత్రి అయ్యాడు, పరాయివాళ్ల జైలుకి కొత్త సున్నం వేయించాడు, అడవినుంచి ఇంటికొచ్చిన మేనల్లుడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆపి, ఆ జైల్లో మళ్లీ మనుషులు ఎందుకున్నారత్తా అన్నాడు, నన్నడిగితే ఏం లాభంరా, అయితే ఆయన్నే అడుగుతాను, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, అమ్మా నాకు ఆలస్యమవుతుంది, చెవి కుండీ కింద పెట్టు అన్నాడు, అంతే, మళ్లీ రాలేదు, పోరాటంలో తిరిగిరాని వాళ్ల పేర్లలో వాడి పేరూ కలిపేశారు, ఇంటికొచ్చి అన్నం తిని వెళ్లినవాడి పేరు.

మొన్న ఆ లారీ డ్రైవరు రాకుండా ఉంటే ఎంత బాగుండేది, వదిన బజారుకి వెళ్లినప్పుడు వచ్చాడు, కూర్చోమంటే కూర్చోలేదు, గోడకి ఆనుకుని, నిద్ర పట్టట్లేదమ్మా అన్నాడు, పాత రాళ్ల క్వారీకి నేనే తోలాను, కళ్లకి గంతలు కట్టారు, దిగేటప్పుడు మీవాడి చెప్పులు జారిపోయాయి, ఆగండన్నా చెప్పులు అన్నాడు, వాళ్లు నవ్వారు, తర్వాత నేను ఖాళీ బండితో వెనక్కొచ్చాను, ఎవరు బాబూ వాళ్లు, మనవాళ్లేనమ్మా, పరాయివాళ్లయితే తిట్టడానికైనా ఒక మొహం ఉండేది, మా వదినకి మాత్రం చెప్పకు నాయనా, వాడొస్తాడన్న ఆశతోనే ఆ మనిషి ముద్ద మింగుతోంది అని చేతులు పట్టుకుని బతిమాలింది, అతను తలొంచుకుని విని వెళ్లిపోయాడు, ఎక్కడికి పోయి మొరపెట్టుకోవాలి, చచ్చిపోయాడని చెబితే కదా ఎవరు చంపారని అడుగుతారు, ఆ మాట అనడమే ద్రోహమని చట్టం చేసి కూర్చున్నారు మహానుభావులు, తిరిగిరాని వీరుణ్ణి చచ్చాడంటే దేశాన్ని అవమానించినట్టట, ఆ చట్టం మొదట్లో తన పుస్తకంలోంచి రెండు వాక్యాలు, కింద తన పేరు, ఎంత గౌరవం, ఏడ్చినట్టే ఉంది.

మంత్రి వచ్చాడు, అందరూ లేచారు, తనూ లేచింది, మోకాళ్లు లేచాయి గనక లేచింది, బాగున్నారా అక్కా, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి అన్నాడు, చేతులు రెండూ పట్టుకుని, వెచ్చని చేతులు, ఉన్నాయి నాయనా ఎక్కడికి పోతాయి అంది, అలా అన్నందుకు తన నాలుక తనకే పరాయిదనిపించింది, హాజరు మొదలైంది, మంత్రి ఒక్కో పేరు పిలుస్తున్నాడు, స్టేడియం అంతా ఒక్క గొంతుతో దారిలో ఉన్నాడు, దారిలో ఉన్నాడు, పేరు వచ్చినప్పుడల్లా ఒక తల్లి లేచి అందరితోపాటు అని కూర్చుంటోంది, తర్వాత మంత్రి కాగితం మీదనుంచి తలెత్తి కాస్త నవ్వి, ఆలస్యం అన్నాడు, జనం కూడా మురిపెంగా నవ్వారు, వాడంటే అందరికీ ఇష్టం, దారిలో ఉన్నాడు అని అరిచారు, వదిన లేచి నిలబడింది, పెదాలు కదల్లేదు, ఏటా అందరికంటే గట్టిగా అనే మనిషి, ఇవాళ నోరు బిగపట్టుకుని వేదిక మీద తన వైపే చూస్తోంది, చేయి సంచి మీద ఉంది, సంచిలో తాళంచెవి, మర్చిపోవడమేంటి నా మొహం, జ్వరంతో మూలుగుతూ కూడా లేచి వెళ్లి కుండీ కింద చెవి ఉందో లేదో తడుముకునే మనిషి మర్చిపోతుందా, డ్రైవరు తలొంచుకున్నది సరేనని కాదు, అప్పటికే బజార్లో వదినకి చెప్పి వచ్చాడు, ఇక వాడు రాడని తెలిసే తాళం వేసుకుంది, మరి తనకెందుకు చెప్పలేదు, తను వదినకి ఎందుకు చెప్పలేదో అందుకే, అమ్మాయి రాసుకున్న మాట, ఆ మాట పట్టుకునే బతుకుతోంది, తట్టుకోలేదు అనుకుని ఉంటుంది, అంటే మొన్నటినుంచీ ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ ఒకరికోసం ఒకరు అబద్ధం వండి వడ్డించుకుంటున్నారు, ఈ లోపల చంపినవాడు హాజరు ముగించి పక్కనే మెత్త మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు, ఎవరూ చచ్చిపోయాడనకపోతే ఎవరూ చంపనట్టే, ఒక పిల్లాడిచేత అన్నం తినిపించడానికి అల్లిన కిటుకు, వాడి రక్తం తుడుచుకోవడానికి వీళ్లకి గుడ్డపేలిక అయింది.

ఇప్పుడు మన రచయిత్రిగారు ఆలస్యం తిరిగొచ్చిన ఘట్టం చదువుతారు అని మైకులో పిలిచారు, లేచింది, నాలుగడుగుల దూరం ఎంతకీ తరగలేదు, పుస్తకంలో ఆ పేజీకి ఎర్ర దారం పెట్టి ఉంచారు, తడిబట్టలతో అని మొదలవుతుంది, ఆ అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి, ఇప్పుడు అంటే ఏం చేస్తారు, చేస్తే చేయనీ, ఈ వయసులో జైలుకి భయపడితే ఇక భయానికి వేళెప్పుడు, నువ్వేగా రాశావు నువ్వే కొట్టేయ్ అని చెవిలో ఆ పిల్లాడి గొంతే, పుస్తకం మూసేసింది, వదినని చూస్తూ, ఆలస్యం చచ్చిపోయాడు, మనవాళ్లే చంపారు అంది, అన్నదో లేదో, పేరు చెవిన పడగానే వేలమంది అలవాటుగా దారిలో ఉన్నాడు అని హోరెత్తించారు, చంపారన్న మాట ఆ హోరులో కొట్టుకుపోయింది, మళ్లీ అంది, గొంతు చించుకుని అంది, చచ్చిపోయాడు, ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా సంతోషంగా, దారిలో ఉన్నాడు, ఇది కొత్త ఆట అనుకున్నారు, పిల్లలు గుర్రాల జెండాలు ఊపుతున్నారు, మంత్రి మాత్రం విన్నాడు, మొహంలో రక్తం లేదు, ఒక్క క్షణం తనని చూసి, తేరుకుని, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు, దాంతో స్టేడియం అంతా లేచి చప్పట్లు కొట్టింది, ఇక ఈ దేశంలో వాడు ఎప్పటికీ చావడు, వాణ్ణి చంపినవాళ్లు ఎప్పటికీ దొరకరు, ఆ మాట తన చేతుల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయింది, పిలిస్తే వెనక్కి రాదు, కింద వదిన గొడుగు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడుస్తోంది, వాడు వెళ్లిన రోజునుంచీ ఏడవని మనిషి, పక్క కుర్చీలో తల్లి ఆమె వీపు నిమురుతూ ఊరుకో వదినా దారిలోనే ఉన్నాడుగా అంటోంది, రచయిత్రి పుస్తకం మైకు దగ్గరే వదిలేసి మెట్లు పట్టుకుని దిగుతోంది, వాడు చచ్చిపోయింది తనకీ వదినకీ మాత్రమే, ఇవాళ ఇంటికెళ్లి తాళం తీసుకున్నాక ఆ నాలుగు గోడల మధ్యనైనా ఆ మాట అనుకుని ఏడవొచ్చు.