హుల్డా పేరు

"పెన్సిల్ గీతేగా, నీ చేతికి అదో లెక్కా?" అంటూ డేల్ మధ్యాహ్నం సంతలో అమ్మబోయే పాత బేస్‌బాల్ బొమ్మ కార్డుని వంటింటి బల్ల మీద బోర్లా పెట్టి గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు. అతని భార్య వెర్నా రొట్టెలోని మెత్తటి తెల్లభాగాన్ని ఉండ చేసింది. పాత అట్ట మీద రబ్బరు పెట్టి రుద్దితే పొర లేస్తుంది. రొట్టె ఉండైతే మెల్లగా పెన్సిల్‌ని ఎత్తుకుంటుంది. డేల్ కొనుక్కొచ్చిన కార్డుల వెనక ఏ పిల్లలు రాసుకున్న పేర్లయినా, ధర పడిపోకుండా ఇన్నేళ్ళూ ఆమే తుడిచింది. బేరాలు అతనివి, తుడవడం ఆమెది. "ఇల్లు తుడిచే చెయ్యేగా వదినా!" అని ఆడపడుచు నవ్వితే తనూ నవ్వింది, ఏడవలేక.

కానీ ఇది డేల్ కొన్నది కాదు. వెర్నాకి వాళ్ళ అమ్మమ్మ హుల్డా ఇచ్చింది. సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలొచ్చే రోజుల్లో, చిన్నపిల్ల హుల్డా పొగాకు కొట్టు ముందు నిలబడి, "అయ్యా, ఆ బొమ్మ నాకిస్తారా?" అని వచ్చేపోయే మగవాళ్ళని అడిగి తెచ్చుకుంది. ఆడపిల్ల అక్కడ నిలబడిందని తెలిసి ఇంట్లో వీపు సాపు చేశారు. అన్నలు లాక్కోకుండా వెనక తన పేరు రాసి దాచుకుంది.

వద్దందామనుకుంది వెర్నా. "మన మధ్య నీదీ నాదీ ఏమిటే?" అని అతననబోయే మాట ముందే చెవిలో పడింది. తుడిచేసింది. తర్వాత ఎంత కడుక్కున్నా చేతులు శుభ్రమైనట్టు అనిపించలేదు. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది.

మధ్యాహ్నం అగ్నిమాపక కేంద్రం హాల్లో కార్డుల సంత. కొనడానికొచ్చిన టిబెట్స్ అనే ముసలాయన కార్డు అంచులు చూశాడు, మూలలు చూశాడు, చివరికి వెనక్కి తిప్పి దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాడు. పెన్సిల్ పోయినా నొక్కు పోదు.

"ఇక్కడేదో పేరు తుడిచారే! ఎవరిదయ్యా?"

"ఎవడో కుర్రాడిది. మా చేతికి వచ్చేసరికే అలా ఉంది," అని డేల్ భార్య వైపు చూశాడు. "కదూ?"

వెర్నా తలూపింది. అలవాటు. ఊపిన మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయింది.

"పాపం, ఎంత గట్టిగా రాసుకున్నాడో," అన్నాడు టిబెట్స్.

"కుర్రాడు కాదండీ, ఆడపిల్ల. హుల్డా. మా అమ్మమ్మ. ఇవాళ పొద్దున నేనే తుడిచాను."

పక్క బల్లల వాళ్ళు ఇటు తిరిగారు. టిబెట్స్ కార్డుని మెల్లగా ఆమె చేతిలో పెట్టి టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. డేల్ మొహం కందగడ్డ అయింది. "నలుగురిలో నా పరువు తీస్తావా?" అన్నాడు పళ్ళ బిగువున.

"నీ పరువు నువ్వు చూసుకో డేల్," అంది వెర్నా. "పైకి పోయాక నేను మా అమ్మమ్మకి మొహం చూపించుకోవాలి."