గంజిలో ఉప్పు

ఖైరూన్ గంజిలో గరిటె తిప్పుతూ పక్కింటి గోడవైపు చూసింది. అలవాటు మరి. హేమావతక్క చిక్కబళ్ళాపురంలో కూతురి దగ్గరికి వెళ్ళి వారమైంది. ఇన్నేళ్ళూ రంజాన్ నెలంతా ఉప్పు చూడ్డానికి ఆ గోడ మీదుగా చిన్న గిన్నె అటు వెళ్ళేది, "ఇంగ చిటికెడెయ్ ఖైరూ" అన్న మాట ఇటు వచ్చేది. రోజా ఉపవాసం ఉన్న ఇంటి గంజికి రోజా లేని నాలుక కావాలి కదా. ఆ అక్క చల్లగా ఉండాలని ఖైరూన్ దువాలో అడిగేది కూడా.

నిన్న అక్కా లేదు, గంజిలో ఉప్పూ లేదు. మసీదు నుంచి ఇద్దరిని వెంటబెట్టుకొచ్చిన మొగుడు చాంద్ బాషా ఒక్క గుక్క తాగి గిన్నె పక్కకు తోశాడు. "పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు గదమే, ఉప్పేసేదానికేం రోగం?" అన్నాడు వాళ్ళ ముందే. తెల్లారుజామునే లేచి అందరికీ సహరీ భోజనం వండిపెట్టి, అజాన్ మొదలయ్యేలోగా ఆమె రెండు ముద్దలు మింగిన సంగతి ఆ గిన్నెలో కనబడదు. బాగేపల్లి బస్టాండు దగ్గర చెప్పులంగడిలో అతనంత మెత్తని మనిషి లేడు. ఎంత బేరమాడినా నవ్వుతూనే ఉంటాడు. కోపమంతా పెళ్ళానికని అట్టిపెట్టుకుంటాడు కాబోలు. ఈ రోజు మధ్యాహ్నం జుహర్ నమాజులో నేలకు నుదురు ఆనించినా ఆమెకు ఉప్పే గుర్తొచ్చింది. రోజు మొత్తంలో తనకంటూ ఉన్నది ఆ కాసేపే. దాన్నీ గంజి తినేస్తే ఎట్లా అని ఏడుపొచ్చింది.

అందుకే ఆ తర్వాత ఆడవాళ్ళ బయాన్‌లో, మతబోధ చెయ్యడానికి చింతామణి నుంచి వచ్చిన ఫర్జానమ్మను అడిగేసింది. "అమ్మా, రోజాలో ఉప్పు చూడొచ్చా?"

అందరూ నవ్వారు. ఫర్జానమ్మ నవ్వలేదు. "ఊరికే చూడగూడదమ్మా. మొగుడు కోపిష్టోడైతే మాత్రం నాలిక కొసన పెట్టుకోని ఉమ్మేయొచ్చు. గొంతు దిగగూడదు. పెద్దలు కితాబుల్లోనే రాసిపెట్టినారు."

ఖైరూన్‌కు కళ్ళు నిండిపోయాయి. కన్నతల్లికి కూడా చెప్పుకోలేదే తను. ఏ కాలంలోనో తనలాంటిదెవతో పొయ్యి ముందు భయపడుతూ నిలబడి ఉంటే, ఆమె కోసం కూడా దీన్‌లో, ఈ మతంలో, ఇంత చోటు ఉంచారన్నమాట. ఏడు ఆకాశాలు నడిపేవాడు తన గంజి గిన్నెలోకీ చూశాడు. ఇంటిదాకా అల్లాకు షుక్ర్ అని దండాలు చెప్పుకుంటూనే నడిచింది.

ఇప్పుడు గరిటె కొసనున్న చుక్కను నాలుకకు తగిలించి, ఉమ్మేసి, నోరు పుక్కిలించింది. అప్పుడే ఇంట్లోకి వచ్చిన బాషా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమే, రోజాలో ఉప్పు చూస్తాండావా? ఎవురు చెప్పినారు?"

"ఫర్జానమ్మ. కోపిష్టి మొగుడుండేవాళ్ళు చూడొచ్చంట."

"అందరి ముందరా అడిగినావా?"

"ఊ. అందరి ముందరే."

అతను వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చాడు. పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ అయ్యాక ఖర్జూరం నోట్లో వేసుకుని గంజి అందుకున్నాడు. ఉప్పు సరిగ్గా ఉంది. గిన్నె ఖాళీ చేసి, "రేపట్నించి చూడొద్దులే. ఎట్లున్నా తాగుతా," అన్నాడు నేల చూస్తూ.

ఖైరూన్ తన గిన్నె తెచ్చుకుని, గంజి వేడి తగ్గకముందే, అతని పక్కనే కూర్చుని తాగింది. తర్వాత చేతులు చాచి, తన తెలుగులోనే అడిగింది.

"అల్లా, నువ్విచ్చిన ఆ అనుమతికి షుక్ర్. అది నాకు అక్కర్లేని రోజు తెప్పియ్యి. అంతవరకూ నా దగ్గరే ఉండనీ."