మామగారి పేరున్న రాయి

చెప్పండి, ఆ ఉదయం ఏం చూశారు? తల తిప్పుకోకండి. సైరాకాన్ వాకిట్లో మీరూ ఉన్నారు, టీ తాగుతూ.

రోజూలాగే తెల్లారింది. కోడలు ఊల్కన్ ఆవు పాలు పితికింది, రొట్టెలు కాల్చింది, అత్త సైరాకాన్‌కు వంగి దండం పెట్టింది. మామ దొనోబాయ్ బతికున్నన్నాళ్లూ కొండ మీద నక్షత్రాలు చూసేవాళ్లకి గుర్రమ్మీద కట్టెలు మోశాడు. ఆయన పోయాక వాళ్లు అంగారకుడికి అవతల, రాళ్ల గుంపులో ఇవతలి అంచున తిరిగే ఓ చిన్న రాయికి ఆయన పేరు పెట్టారు. అప్పట్నించీ ఆయన ఇంటివాళ్లు పేరు పెట్టి పిలిస్తే రాయి దిగొస్తుంది. గడ్డిమోపులు కనుమ దాటిస్తుంది, పెళ్లిళ్లకి గొర్రెల్ని మోస్తుంది.

కానీ కోడలు మామ పేరు పలకరాదు, పెళ్లాం మొగుడి పేరు పలకరాదు. మగవాళ్లందరూ రష్యాలో ఇటుకలు మోస్తున్నారు. పిలవగలిగినవాడు ఒక్కడే మిగిలాడు, మామ తమ్ముడు సపరాలీ.

ఊల్కన్ చంటిదానికి ఊపిరందడం లేదు. పెదాలు నీలంగా మారాయి. కనుమ నిండా మంచు, ఆసుపత్రి అవతల.

"చినమామా, కాళ్లు పట్టుకుంటా. ఒక్కసారి పిలవండి."

సపరాలీ టీ ఊదుకున్నాడు. "నిన్ననే గడ్డి మోసిందే. దానికి మాత్రం నడుం నొప్పెట్టదా?"

"రాయికి నడుమేంటి చినమామా!"

"నోరు చూడు దీనికి! ఆడపిల్లకే ఇంత గోలా? మగపిల్లాణ్ణి కను, డప్పు కొట్టి మరీ పిలుస్తా."

వాకిలంతా నవ్వింది. మీరూ నవ్వారు.

ఊల్కన్ అత్త వైపు తిరిగింది. "అత్తా..."

"నన్నేం చెయ్యమంటావే? కాపురమంతా చేశాను, ఆయన పేరు ఒక్కనాడు ఎత్తలేదు. నీ నాలుక నాకంటే పొడుగా?"

ఊల్కన్ బిడ్డను గుండెకు అదుముకుని మంచులోకి నడిచింది. ఆకాశం వైపు అరిచింది.

"దొనోబాయ్!"

సైరాకాన్ విసిరిన వేడి టీ గిన్నె ఆమె నుదుటి మీద పగిలింది. అప్పటికే రాయి మేఘం చీల్చుకుని వచ్చి, దూడను ఈనే ఆవులా మెల్లగా మోకరిల్లింది. నెత్తురు తుడుచుకోకుండానే ఊల్కన్ ఎక్కింది.

కనుమ అవతల ఆసుపత్రిలో బిడ్డ బతికింది. దానికి ఊపిరి సర్దుకున్నాక ఊల్కన్ అదే రాయి మీద ఇంటికొచ్చింది. ఇంకెక్కడికి పోతుంది, ఆమె పొయ్యి అక్కడే కదా? సైరాకాన్ నవ్వుతూ ఎదురొచ్చింది. "తే, నా బంగారాన్ని ఇటు తే." బిడ్డను అందుకుంది, లోపలికి వెళ్లింది, గడియ వేసింది.

"పేరు పలికినదానికి ఈ గడప లేదు," లోపల్నించి అంది. "పిల్ల మా రక్తం. అదుంటుంది."

ఊల్కన్ అరచేతులు వాచేదాకా తలుపు బాదింది. పొద్దు వాలాక దిగువ దారి పట్టింది. రొమ్ముల్లోంచి పాలు కారి, గౌను మీద మంచులా గడ్డకట్టాయి.

"దొనోబాయ్, ఇటు రా! మోయాల్సిన గడ్డి ఉంది!" సపరాలీ కిటికీలోంచి కేకేశాడు.

రాయి వెనక్కి తిరగలేదు. ఊల్కన్ వెంట, మోకాలెత్తున తేలుతూ వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఊరికి దిగలేదు.

లోపల పిల్ల పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తోంది. మీరూ లోపలే, తలుపు పక్కనే, గడియకు చెయ్యి చాచేంత దూరంలో కూర్చున్నారు. ఎందుకు తీయలేదు?